మద్రాసు భూగర్భ స్టేషన్‌లో ఎస్తేరత్త మిరపసంచి

ఈ ప్రయాణం సరదాకి పెట్టుకున్నది కాదు. పోయిన వేసవిలో మిరప ధర బాగా పడిపోయింది. మా ప్రత్తిపాడులో కల్లాల మీద ఎండిన కాయను గుంటూరు యార్డుకు తోలాలా, కోల్డ్ స్టోరేజీలో దాచాలా అని ఏ ఇంట్లో చూసినా అదే గొడవ. మా మేనత్త ఎస్తేరమ్మ, మా చర్చి పేటలోని మరో ఐదుగురు ఆడవాళ్ళు కలిసి ఆ ఏడాదే మొదటిసారి రెండెకరాలు కౌలుకు తీసుకున్నారు. వాళ్ళందరూ అంతకుముందు కూలికి వెళ్ళి ఇతరుల చేలో కాయ కోసినవాళ్ళే. సొంతంగా పండించిన మొదటి పంటకే అడిగే నాథుడు లేకుండా పోయాడు. అలాంటి సమయంలో మద్రాసుకు మిరపబస్తాలు తోలే ఒక లారీ డ్రైవరు అత్తకు ఓ ఫోన్ నంబరు ఇచ్చాడు. అక్కడి పాతబజారులో ఎండుమిరప వ్యాపారం చేసే సుబ్బారావు గారిది. వాళ్ళ తాతలది కందుకూరు వైపు. అత్త ఫోన్ చేస్తే ఆయన, "మచ్చుకు ఓ పది కిలోలు తెచ్చి చూపించండమ్మా, చూద్దాం" అన్నారట. ఆ ఒక్క మాట పట్టుకుని అత్త బయలుదేరింది. నేను స్కూల్లో సోషల్ టీచర్ని. ఇంగ్లీషు వచ్చునని, మద్రాసు ఒకసారి చూశానని నన్ను తోడు రమ్మంది. పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది అప్పటికే అలిసిపోయి ఉన్నాను. కానీ అత్తకు కాదని చెప్పలేకపోయాను.

మా ఊరి నుంచి మద్రాసు వెళ్ళాలనుకునేవాళ్ళు గుంటూరు చుట్టూ తిరగకుండా నేరుగా తెనాలి చేరుకోవడం మంచిది. విజయవాడలో తెల్లవారగానే బయలుదేరే పగటి రైలు ఆరున్నర ప్రాంతంలో తెనాలి వస్తుంది, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక చెన్నై సెంట్రల్‌లో దింపుతుంది. ఆ వేళకి బస్సులు లేవు కనుక మా వీధిలో ఆటో నడిపే బాబూరావును మాట్లాడుకున్నాం. ఏడు వందలు అడిగి ఆరు వందలకు ఒప్పుకున్నాడు. సంచి ఎక్కిస్తూ, "ఏం పిన్నీ, మద్రాసులో మిరపకాయలు దొరకవా ఏంటి, మోసుకుపోతన్నావు?" అన్నాడు.

"దొరుకుతాయిరా. నాయి దొరకవుగా" అంది అత్త.

సెకండ్ సిట్టింగుకు మనిషికి రెండు వందల లోపే అయింది. సీట్లు దొరికాయి కానీ సుఖం దొరకలేదు. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుంటే ఒంగోలు దాటేసరికి ఎండకి కాయ వేడెక్కి ఘాటు లేచింది. ఎదురు సీట్లో ఉన్నాయన తుమ్మీ తుమ్మీ లేచి తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. అత్త నొచ్చుకుని సంచిమూతి మీద తువ్వాలు కప్పింది. నెల్లూరులో చద్దన్నం, గోంగూర పచ్చడి తిన్నాం. ఆ తర్వాత ఫ్యాను గాలి కూడా వడగాలిలాగే కొట్టింది. అత్త కునుకు తీయలేదు. ఆ వ్యాపారి ఏం అడుగుతాడు, తను ఏం చెప్పాలి అని నాతో మళ్ళీ మళ్ళీ మాట్లాడించుకుంది. "రంగు అడుగుతాడు. రంగు పోయిన తాలుకాయ ఎంత అని అడుగుతాడు. తొడిమతో కావాలా, తీసి కావాలా అని మనమే అడగాలి" అంటూ తనలో తను అనుకుంటూనే ఉంది.

సెంట్రల్‌లో దిగేసరికి నాకు తల పగిలిపోతోంది. పాతబజారు అక్కడికి దగ్గరే, రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆటోవాళ్ళు నూట యాభై అన్నారు. మెట్రో అయితే పది రూపాయలే, పైగా భూమి లోపల చల్లగా ఉంటుందని నేనే అత్తను కిందికి తీసుకెళ్ళాను. తనిఖీ దగ్గర ఉన్న అమ్మాయి సంచిమూతి విప్పించి చూసి, వాసన తగిలి తుమ్మి, నవ్వి, "గుంటూరా?" అంది. "గుంటూరే" అంది అత్త, అంత అలసటలోనూ గర్వంగా. మళ్ళీ పురికొస చుట్టి గట్టిగా ముడేసింది. రైలు ఎక్కాక అత్త రెండు చేతులూ ఏసీ గాలికి పెట్టి, "ఇట్టాంటి గాలి కల్లం కాడ ఉంటే ఎంత బాగుండు సునీతా" అంది. ఆ మాట అనేలోపే మేము దిగాల్సిన స్టేషన్ వచ్చేసింది.

ఆ స్టేషన్ పేరు కావాలనే రాయడం లేదు. అక్కడివాళ్ళు మాకు మంచే చేశారు, నా రాత వల్ల వాళ్ళెవరికీ ఇబ్బంది రాకూడదు. నగరంలోని పాత వ్యాపార కేంద్రానికి అదే దారి అని మాత్రం చెబుతాను. పైన బ్యాంకులు, షిప్పింగు ఆఫీసులు, ఆ వెనక సందుల్లో హోల్‌సేల్ దుకాణాలు. అందుకే ఆ వేళలో కూడా ప్లాట్‌ఫారం నిండా మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న మనుషులే, అందరూ వడివడిగా నడిచేవాళ్ళే. లిఫ్టు దగ్గర చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన, చంటిపిల్లలతో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆగుదామన్నాను. "వాళ్ళని ఎక్కనీ. మనకేం, కాళ్ళు లేవా" అంది అత్త. కదిలే మెట్లు ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఒక మెట్టు పైన నేను, కింద మెట్టు మీద అత్త, ఆమె పక్కన సంచి. తడబడకుండా నిలబడింది. బాగానే ఉందే అన్నట్టు నా వైపు చూసింది కూడా.

సగం దూరం వెళ్ళాక సంచి పక్కకు ఒరిగింది. అది పాత బియ్యం సంచి. మూతి గట్టిగానే ఉంది కానీ అడుగున కుట్టు పట్టు తప్పింది. ఒక్కసారిగా కాయలు జలజలా కింది మెట్ల మీదికి జారాయి. వెనక ఉన్నవాళ్ళ బూట్ల మీద, చెప్పుల మీద, మెట్ల అంచుల్లో అంతా ఎరుపే. అత్త "అయ్యో అయ్యో" అంటూ వెనక్కి తిరిగి వంగింది, రెండు చేతులతో కాయల్ని దోసిట్లోకి లాక్కుంటోంది. వంగినప్పుడు పైటకొంగు భుజం మీంచి జారి మెట్టుకూ పక్కగోడకూ మధ్య సందులో పడింది. నేను చూస్తుండగానే ఆ కొంగు లోపలికి పోవడం మొదలైంది.

అత్త మొదట అర్థం చేసుకోలేదు. ఎవరో కొంగు తొక్కారనుకుని విసురుగా లాక్కుంది. అది రాలేదు సరికదా, ఆమెనే లాగింది. మోకాళ్ళ మీద పడింది. ఆ పక్కకే ముఖం వాలిపోతోంది. నేను ఆమె భుజాలు పట్టుకుని పైకి గుంజుతూ "ఆపండి, ఆపండి" అని తెలుగులోనే అరిచాను. మెట్లు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి. సందుల్లో పడిన కాయలు మెట్ల మధ్య నలిగి కారంలా లేచాయి. దగ్గులు, తుమ్ములు. పైన ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని పరుగెత్తుతున్నారు. భుజం దగ్గర పెట్టుకున్న పిన్నీసు జాకెట్టును చీల్చుకుంటూ ఊడిపోయింది. అత్త నా చెయ్యి పట్టుకుని, "సునీతా, నన్ను వదలమాకే" అంది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు మెట్లు ఒక్క కుదుపుతో ఆగిపోయాయి.

ఆపింది కింద ఉన్న ఒకామె. అప్పుడే మెట్ల దగ్గరికి వచ్చి, మా అరుపు విని, పక్కన ఉండే ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టింది. నలభై దాటి ఉంటాయేమో, పచ్చరంగు చున్నీ, మెడలో బ్యాంకు కార్డు. ఆగిన మెట్ల మీదుగా మనుషుల్ని తోసుకుంటూ పైకి వచ్చి, ఏమీ అడగకుండా తన చున్నీ తీసి అత్త ఒంటిమీద కప్పింది. పైట అంతా యంత్రం నోట్లోనే ఉంది, అత్త రెండు చేతులూ గుండెలకు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. అందరి చూపులూ మా మీదే. ఆమె తమిళంలో ఏదో అంది, నాకు "భయం" అన్న ఒక్క మాట తెలిసింది. అత్త వీపు నిమురుతూ స్టేషన్ వాళ్ళు వచ్చేదాకా అక్కడే కూర్చుంది. వాళ్ళు బ్లేడుతో చీర కోసి అత్తను విడిపించారు. నేను ఇటు తిరిగి ఆమెకు దండం పెడదామని చూసేసరికి ఆమె చేతి గడియారం చూసుకుంటూ పక్క మెట్ల దారిన వెళ్ళిపోతోంది. పిలిచాను. చెయ్యి ఊపి, చున్నీ ఉంచుకోమన్నట్టు సైగ చేసి జనంలో కలిసిపోయింది. పేరు కూడా అడగలేకపోయాం.

స్టేషన్ అధికారి తెలుగాయనే. "మాది సూళ్ళూరుపేటండి" అంటూ మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి నీళ్ళు ఇప్పించారు. అత్త మోకాళ్ళు చెక్కుకుపోయాయి, మణికట్టు వాచింది. మందు రాయించి, ఆస్పత్రికి పంపిస్తానన్నారు. అత్త వినిపించుకోలేదు. "కాయలయ్యా, నా కాయలు" అంటోంది.

"మావాళ్ళు ఊడ్చేస్తారమ్మా, మీరు కూర్చోండి."

"ఊడిస్తే చెత్తలోకి పోతాయి కదయ్యా. ఆరుగురు ఆడోళ్ళ కాయ అది, నా ఒక్కదానిది కాదు" అని లేచి నిలబడింది. ఆయన ఇంక అడ్డు చెప్పలేదు.

ఆగిపోయిన మెట్ల మీద కూర్చుని ఇద్దరం కాయలు ఏరాం. పక్క మెట్ల దారిన వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు దగ్గుతూ, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మమ్మల్ని చూస్తూ నడుస్తున్నారు. ఒకాయన ఇంగ్లీషులో, లిఫ్టు ఉన్నది మీలాంటివాళ్ళకే కదా అని నిలబడి మరీ విసుక్కున్నాడు. ఆయనకు కూడా కళ్ళు మండుతున్నాయి పాపం, ఆఫీసుకు ఆలస్యమై ఉంటుంది. ఇంకో ఇద్దరు మాత్రం తమ మెట్ల దాకా వచ్చిన కాయల్ని పోగుచేసి మా సంచి దగ్గర పెట్టి వెళ్ళారు. టెక్నీషియన్ వచ్చి మెట్ల పక్క పలక విప్పి, నలిగి తాడులా మెలిపడిన చీర ముక్కను బయటికి లాగాడు. దానినిండా ఎర్రటి పొడి. అత్త దాన్ని ఒక్కసారి చూసి ముఖం తిప్పుకుంది. సంచిలో మంచి కాయ సగం పైనే మిగిలింది. ఆ అధికారి ఎక్కడినుంచో ఒక కొత్త సంచి తెప్పించి ఇచ్చి, ఈసారి లిఫ్టులో తనే పైదాకా వచ్చి దిగబెట్టారు.

అక్కడినుంచి సుబ్బారావు గారి దుకాణానికి పది నిమిషాల నడక. తోపుడుబళ్ళు, మూటలు మోసేవాళ్ళు, మిరియాల వాసన, ధనియాల వాసన, నడిచేందుకు సందు లేదు. అత్త కుంటుకుంటూ, ఆ పచ్చ చున్నీ ఒంటికి చుట్టుకుని, నాకంటే ముందే నడిచింది. సుబ్బారావు గారు అరవై దాటిన మనిషి, సన్నగా ఉంటారు. మమ్మల్ని చూసి లేచి కుర్చీలు వేయించి కాఫీ తెప్పించారు. గుప్పెడు కాయ తెల్లకాగితం మీద పోసుకుని, ఒకటి చెవి దగ్గర పెట్టి విరిచి, గింజ చూసి, వేళ్ళతో నలిపి రంగు చూశారు. "కాయ బాగుందమ్మా. ఆరబెట్టడం తెలిసినోళ్ళు ఆరబెట్టారు" అన్నారు. అత్త ముఖం వెలిగింది. కాఫీ గ్లాసు అందుకుంది.

ఆ తర్వాత ఆయన అసలు మాట చెప్పారు. "కౌలుకూ అప్పులకూ పోను మీ దగ్గర పది బస్తాలు కూడా లేవు. అంత దూరం నుంచి లారీ కిరాయే గిట్టదు. నేను కొనేది లోడు లెక్కన. ఫోన్‌లో మీరు ఆశగా అడిగితే కాదనలేక మర్యాదకి రమ్మన్నాను. ఇంత దూరం వస్తారనుకోలేదమ్మా."

అత్త గ్లాసు కింద పెట్టబోయింది. కాఫీ ఒలికి చున్నీ మీద పడింది. గ్లాసు నేను తీసుకున్నాను. మెట్ల మీద ఏడవని మనిషి, కాయలు ఏరినంతసేపూ ఒక్క మాట తూలని మనిషి, ఆ దుకాణంలో బస్తాల మధ్య కూర్చుని బావురుమంది. "ఆ మెట్లు నన్ను నమిలేసేయే సునీతా. ఇంకొంచెం సేపైతే నా పీక కూడా పోయేదే. నేను పోతే దేనికి పోయినట్టే? మర్యాదకి పోయినట్టా?" అంది. ఆమె తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. సుబ్బారావు గారికి జరిగిందేంటో చెప్పాను. ఆయన ఫోన్ మోగుతుంటే తీయలేదు.

"నా తప్పేనమ్మా. రావద్దని చెప్పాల్సింది" అన్నారు చివరికి. "మీ చుట్టుపక్కల మీలాగే కౌలుకు వేసినోళ్ళు ఉంటారు కదా. ముప్పై బస్తాలు ఒకచోట చేర్చగలరా? ఇదే కాయ, ఇట్లాగే ఏరి, తాలు లేకుండా."

అత్త చున్నీతో ముఖం తుడుచుకుని లేచి కూర్చుంది. "ముప్పై బస్తాలు తెస్తే కొంటారా, అదీ మర్యాదకేనా?" అంది.

ఆయనకు నవ్వు వచ్చింది కానీ ఆపుకున్నారు. "కొంటాను. ఆ రోజు మీ యార్డులో పలికిన ధరే ఇస్తాను. లారీ కిరాయి నాది. తూకం మీ ఊళ్ళోనే, మీ కళ్ళముందే" అన్నారు. మచ్చు తెచ్చిన కాయకు డబ్బు ఇవ్వబోతే అత్త తీసుకోలేదు. "మచ్చు మచ్చే" అంది.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ మెట్రో మాట ఎత్తే ధైర్యం నాకు లేదు. బస్సులో సెంట్రల్‌కు వచ్చి, సాయంత్రం రైలు పట్టుకున్నాం. జనరల్ పెట్టెలో తలుపు పక్కన చోటు దొరికింది. గూడూరు రాకముందే అత్త నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నాకు మాత్రం కన్ను మూస్తే ఆ కొంగు లోపలికి జారుతున్నట్టే అనిపించేది. ఇంటికి వచ్చాక కూడా చాలా రోజులు అలాగే ఉంది.

అత్త మాత్రం వచ్చిన మర్నాడే మోకాళ్ళకు కట్టుతో పక్క ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. తనలాగే ధరకోసం కాయ పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ కలిసింది. కొందరు నమ్మలేదు, మద్రాసు వ్యాపారి మనకెందుకు అన్నారు. ముప్పై కాలేదు, ఇరవై ఆరు బస్తాలు అయ్యాయి. సుబ్బారావు గారు మాట మీద నిలబడి లారీ పంపించారు. ఖర్చులు పోను చేతికి మిగిలింది గొప్పగా ఏం లేదు. అయినా మళ్ళీ అదే రెండెకరాలు కౌలుకు తీసుకుందామని ఆరుగురూ ఒప్పుకున్నారు. ఆ లారీలో డ్రైవరు పక్కన కూర్చుని అత్త తనే మద్రాసు వెళ్ళింది. లోడు దించాక ఆ స్టేషన్ దగ్గరికి తీసుకెళ్ళమని సుబ్బారావు గారి మనిషిని అడిగిందట. కిందికి దిగలేదు. పైన ద్వారం దగ్గరే నిలబడి, ఉతికి ఇస్త్రీ చేయించిన పచ్చ చున్నీని, ఒక కిలో కాయను కవర్లో పట్టుకుని, ఆఫీసులు వదిలే వేళంతా లోపలికి పోయేవాళ్ళ ముఖాలు చూసిందట. చున్నీ ఇచ్చినామె కనిపించలేదు. చివరికి ఆ సూళ్ళూరుపేట అధికారికి కబురు పెడితే ఆయన పైకి వచ్చి, కవరు తీసుకుని, "ఈ దారినే తిరిగే మనిషైతే ఎప్పుడో ఒకప్పుడు కనబడుతుందమ్మా, ఇస్తాను" అన్నారట. ఇచ్చారో లేదో మాకు తెలియదు.

ఇది రాస్తుంటే ఆ రోజు అలసట ఇంకా ఒంట్లోనే ఉన్నట్టుంది. ఎవరి తొందరలో వాళ్ళు పరుగెత్తే చోటు అది. అక్కడ మా మీద విసుక్కున్న మనిషీ, బటన్ నొక్కిన మనిషీ ఒకే రైలు దిగి వచ్చి ఉంటారు. ఇద్దరికీ ఆఫీసుకు ఆలస్యమే అయి ఉంటుంది. ఆమె ఆగింది కాబట్టి మా అత్త ఇవాళ పేటలో నారు పోసుకుంటోంది, కూలి మనుషుల మీద కేకలేస్తోంది. థ్యాంక్సు అనే మాట కూడా చెప్పలేకపోయిన మనిషి గురించి ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

మెట్రోలో వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట చెబుతాను. చీర గానీ చున్నీ గానీ వేసుకుని కదిలే మెట్లు ఎక్కేటప్పుడు కొంగు నడుముకు చుట్టి దోపుకోండి, మూటలుంటే ఎంతసేపైనా సరే లిఫ్టు కోసం ఆగండి. ఎక్కే ముందు కిందా పైనా ఆ ఎర్ర బటన్ ఎక్కడుందో ఒకసారి చూసుకోండి, మీతో వచ్చినవాళ్ళకూ చూపించండి. దారిలో చేతిలోంచి ఏది జారినా, ఎంత విలువైనదైనా, దానికోసం వంగకండి.